నేల ఎంత కుంగిందో ఊరోళ్లకు కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేనుండేది కూకట్‌పల్లిలో, పుట్టింది మాత్రం బొగ్గుబాయి పక్కనున్న ఊళ్లో. మొన్న దసరాకి పోతే మా బాపు వంటింటి గోడ చూపించిండు. పోయినేడు వెంట్రుక మందం ఉన్న పగుల్లో ఇప్పుడు రూపాయి బిళ్ల పడుతుంది, పగులు ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాసి పెట్టుకుంటున్నడు. అడిగితే ఇల్లు పాతది కదా అన్నారంట. అయ్యుండొచ్చు, కానీ కింద బాయి కప్పు ఆగడానికి వదిలిన బొగ్గు పిల్లర్లు కూడా తీసేశాక కప్పు కూలితే పైన చేను, రోడ్డు, ఇల్లు అన్నీ దిగుతాయని బాయిల పనిచేసినోళ్లు ఎవర్నడిగినా చెప్తరు. ఎప్పుడు ఎంత దిగిందో ఊరోళ్ల దగ్గర ఒక్క కాగితం లేదు, అదీ బాధ.

ఆ లెక్క తీసే సైంటిస్టులు మన బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ల శాటిలైట్ డేటా సెంటర్ ఎన్ఆర్ఎస్‌సీలోనే ఉన్నరు, నేను రోజూ ఆఫీసుకి పోయే దారే అది. రాడార్ శాటిలైట్ 12 రోజులకోసారి అదే దారిలో వచ్చి నేల మీదికి తరంగాలు పంపి తిరిగొచ్చినవి పట్టుకుంటది, పోయినసారికీ ఈసారికీ తేడా చూస్తే నేల ఒకట్రెండు సెంటీమీటర్లు దిగినా దొరికిపోతది, మబ్బున్నా చీకటైనా దానికి అడ్డం కాదు. యూరప్ వాళ్ల రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 డేటా 2014 నుంచి ఫ్రీగానే ఉంది, అంటే మా ఊరి పదేళ్ల లెక్క ఇప్పుడు కూర్చున్నా తీయొచ్చు. కాకపోతే దాని తరంగం 5.6 సెంటీమీటర్లే, పత్తి చేలు, చెట్లున్న చోట తడబడుతది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పోయిన ఇస్రో-నాసా రాడార్ శాటిలైట్ నైసార్‌లో ఎల్-బ్యాండ్ అనే పొడుగు తరంగం 24 సెంటీమీటర్లు, ఆకుల్ని దాటి నేలను అందుకోవడం దానికి సులువు. ఒక్కసారే మీటరు దిగితే రాడార్ లెక్క కూడా దెబ్బతింటది, అక్కడ మనుషులు పోయి లెవెలింగ్, అంటే పరికరాలతో నేల ఎత్తు కొలవడం, చేయాల్సిందే.

2023 జనవరిలో ఉత్తరాఖండ్ కొండల్లోని జోషిమఠ్ పట్నం 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు కుంగిందని ఇదే ఎన్ఆర్ఎస్‌సీ మ్యాప్ పెట్టింది, తర్వాత వెబ్‌సైట్ నుంచి తీసేశారు. అక్కడ కారణాలు వేరు, బొగ్గు కాదు. కానీ జనం భయపడతారని లెక్క దాచిపెడితే ఆ ఇంట్లో పడుకునేటోళ్ల సంగతేంటి సార్?

గనులున్న ప్రతి మండలానికి ఇలాంటి మ్యాప్ తీసి, సర్వే నంబర్లతో తెలుగులో గ్రామపంచాయతీ గోడకి అంటించమని ప్రభుత్వాన్ని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. నెలనెలా కాకపోయినా వానాకాలం పంట వేసే ముందు ఒకటి, కోసినాక ఒకటి ఇచ్చినా చాలు.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్