పెద్దమ్మ ఫోనులో తెరుచుకునేదే కడదాం

పర్లాకిమిడి (ఒడిశా),
ఆదివారం రాత్రి

బావా,

మనవాళ్ళు రాతలు, ఫొటోలు పంచుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో కడదామనుకున్నాం కదా, దాని గురించి మొన్న ఫోనులో గబగబా నాలుగు ప్రశ్నలు వేశావు. యాప్ చేద్దామా, సైట్ చేద్దామా? జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే ఆ రియాక్ట్‌లో రాద్దామా? ఎవరి సర్వర్ మీద వాళ్ళు నడుపుకునే సోషల్ సైటు మాస్టడాన్ పెట్టేస్తే సరిపోదా? కోడంతా ఏఐ చేత రాయిస్తే రెండు శని, ఆదివారాల్లో తేలిపోదా? అప్పుడు నేను బజార్లో ఉన్నాను. ఆటోల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు బయట వాన, ఇంట్లో కరెంటు ఉంది, మీ చెల్లి, పిల్లలు పడుకున్నారు. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు పెద్దమ్మ సంగతి చెప్పాలి. పోయిన బుధవారం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి పెళ్ళి కబురు వాట్సాప్‌లో వచ్చింది, చక్కటి తెలుగులో. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను చెయ్యంత దూరాన పట్టుకుని, కాసేపు చూసి మనవరాలి చేతికిచ్చింది, "ఏటి రాసినారో సదువమ్మా" అని. ఆ పిల్లదీ ఒడియా మీడియమే. పొద్దున లేచింది మొదలు ఇద్దరూ మాట్లాడేది తెలుగే, దెబ్బలాడుకునేదీ తెలుగులోనే. అక్షరాలు మాత్రం రావు. నేనే చదివి చెప్పాను. అప్పుడు పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? తెలుగు మాటలే ఒడియా అక్షరాల్లో టైపు చేసి జవాబు పంపింది. 'పిల్లలకి పరీక్షలు, మేమిద్దరం వస్తాం' అని. పాతపట్నం ఆటోలో వెళ్ళిపోయేంత దగ్గర. కానీ అక్కడ ఆ జవాబు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ ఫోను చేసి నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది.

మనం కట్టబోయేది వీళ్ళ కోసం. రియాక్టా ఇంకోటా అనేది ఆ తర్వాతి మాట. ఎవరు ఏ లిపిలో రాసినా చదివేవాళ్ళకి తమకొచ్చిన లిపిలో కనబడాలి. మిగతా అన్ని నిర్ణయాలూ ఇక్కణ్ణుంచే మొదలవ్వాలని నా పట్టుదల.

ఇది నువ్వనుకునేంత కష్టం కాదు. కంప్యూటర్లలో ప్రతి లిపి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్, అందులో మన దేశపు లిపులు చాలావాటిని ఒకే వరసలో పేర్చారు. మన లిపుల కోసం అంతకుముందే ఉన్న ఇస్కీ అనే పాత ప్రమాణం నుంచి వచ్చిన అమరిక అది. ఒడియా 'క' సంఖ్య 2837, తెలుగు 'క' సంఖ్య 3093. తేడా 256. 'మ'కీ అంతే, 'ల'కీ అంతే, గుడికీ కొమ్ముకీ సున్నకీ కూడా అంతే. పెద్దమ్మ రాసిన ప్రతి అక్షరానికీ 256 కలిపి చూశాను. వాక్యం మొత్తం తెలుగులో తెర మీద కనబడింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నలభై ఏళ్ళుగా ఆవిడ రాస్తున్నది తెలుగేనని మొదటిసారి కళ్ళారా చూశాను.

కొన్ని చిక్కులున్నాయి. ఒడియాలో పొట్టి ఎ, ఒ లేవు, ఆ గళ్ళు ఖాళీ. 'చెట్టు' అక్కడికెళ్ళి తిరిగొస్తే 'చేట్టు' అవుతుంది. ఇలాంటివాటికి చిన్న పట్టిక రాసుకోవాలి, అది నేను మొదలెట్టాను. కానీ ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకుందాం బావా: ఎవరు ఏ లిపిలో రాస్తే అది అలాగే దాచాలి. మార్చడమన్నది చూపించేటప్పుడే. మార్చినదాన్ని దాచుకుంటే రేపు పట్టిక బాగుచేసుకున్నా పాత తప్పులు డేటాబేస్‌లో అలాగే ఉండిపోతాయి.

డేటాబేస్ సంగతికొస్తే, ఏది వాడాలో తేల్చింది ఒక సవర కుర్రాడు, ఈ కొండల్లోని సవర గిరిజనుల పిల్లాడు. గుణుపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నాడు. ఇదంతా చూపిస్తే, "మరి మా అక్షరాలో?" అన్నాడు. వాళ్ళ లిపి సొరాంగ్ సొంపెంగ్. 1936లో మంగేయి గొమాంగో తయారుచేశారు, 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. నేను అంతకుముందు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో రాసుకున్న పట్టికలో ఒక సవర పేరు ఎక్కించబోతే ఎర్రర్ వచ్చింది. కారణం వెతికితే తెలిసింది: మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అనే పాత అమరిక అక్షరానికి 3 బైట్లే, అంటే దాచుకోవడానికి మూడు చిన్న గళ్ళే, ఇస్తుంది. తెలుగుకి, ఒడియాకి 3 చాలు. సవర అక్షరానికి 4 కావాలి. 'యూటీఎఫ్8ఎంబీ4' అని ఇంకో అమరిక పెట్టుకుంటే పడుతుంది, కొత్త వెర్షన్లలో అదే మామూలు. కానీ ఆ కుర్రాడు అడక్కపోతే నేను చూసుకునేవాణ్ణే కాదు. మన భాషకి చోటివ్వలేదని మనం ఎంతమంది మీద కోప్పడ్డామో గుర్తుందిగా. మనం కట్టే ఇంట్లో సవరవాళ్ళకి గుమ్మం లేకపోతే ఎలా?

నా ఓటు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కి. ఆ గొడవ అందులో లేదు. వాడేవాళ్ళు అందరూ కలిపి నాలుగైదు వందల మంది ఉంటారు. డేటాబేస్ అంతా ఒకే ఫైలు. రేపు నాకేమైనా అయితే మీ చెల్లి కూడా పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు తీసి నీకు పంపగలదు. దాన్ని తయారుచేసినవాళ్ళు 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. బోలెడు సర్వర్లని ఒకేసారి నడిపించే కుబర్నెటీస్ పేరెత్తావు నువ్వు. మీ ఆఫీసులో లక్షలమంది వాడేదానికి అవసరం కాబట్టి పెట్టుకున్నారు, మనకెందుకు? ఒక చిన్న సర్వర్, పీహెచ్‌పీ, సర్వర్ దగ్గరే తయారై వచ్చే మామూలు పేజీలు. యాప్ వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. సిగ్నలు వచ్చినా ఒక్క గీతే, అదీ మేడ మీద. ఆ ఒక్క గీతతో 'మేం క్షేమం, మీరెలా ఉన్నారు' అన్న నాలుగు మాటలు వెళ్ళాలి. ముందు బోలెడు జావాస్క్రిప్ట్ దిగితే గానీ ఒక్క అక్షరం చూపించని పేజీ ఆ రోజు దేనికి పనికొస్తుంది?

ఇక ఏఐ. వాడాను బావా, నిజంగా బాగా సాయపడింది. లాగిన్, ఫొటోలు ఎక్కించడం, పేజీల అమరిక ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. కానీ ఊళ్ళ పేర్ల జాబితా చూపించే చోట పేరు పొడుగైతే కత్తిరించమన్నాను. 20 బైట్ల దగ్గర కోసేసింది. మన ఊరి పేరే చూడు. 'పర్లాకిమిడి'. కంటికి అయిదే అక్షరాలు: ప, ర్లా, కి, మి, డి. కంప్యూటర్‌కి అవి 11 ముక్కలు, 33 బైట్లు. 20 దగ్గర కోస్తే 'పర్లాక' అని మిగిలింది, పక్కన ప్రశ్నగుర్తున్న నల్లటి డైమండ్. ఇంగ్లీషు పేర్లతో పరీక్ష చేస్తే అన్నీ పచ్చగా పాసయ్యాయి. అందుకే ఇప్పుడు పరీక్షలన్నీ మన పేర్లతోనే రాస్తున్నాను. లక్ష్మి, కృష్ణ, జ్ఞానేశ్వర్, పర్లాకిమిడి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలిపోయిన సంగతి గుర్తుందా? కొద్ది రోజుల్లోనే ఆపిల్ సరిచేసింది. అంత పెద్ద కంపెనీలోనే ఒత్తులూ గుణింతాలూ కలిసే చోట తప్పు దొర్లింది. కోడ్ ఎవరు రాసినా, మనిషి రాసినా ఏఐ రాసినా, ఒత్తులు తెలిసిన మన కళ్ళు ఒక్కసారి చూసి తీరాలి.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన మాటకి వస్తున్నాను. రాయడానికి కాస్త బాధగానే ఉంది.

మన బ్యాచ్ గుంపు గుర్తుందిగా. ఉచితంగా వస్తోంది కదా అని ఒక సైట్‌లో పెట్టుకున్నాం. ఏడెనిమిదేళ్ళ కబుర్లు, లెక్కల మాస్టారి రిటైర్మెంట్ రోజు ఫొటోలు, ఆయన మనందరికీ పేరుపేరునా రాసిన ఆశీర్వాదాలు. సైట్ మూసేస్తున్నామని ఈమెయిల్ వచ్చిందట, ఎవరూ వాడని పాత అడ్రసుకి. మనకి తెలిసేసరికి ఏమీ మిగల్లేదు. మాస్టారు పోయాక వాళ్ళబ్బాయి నా దగ్గరికొచ్చి, "నాన్న రాసినవి మీ దగ్గర ఉన్నాయా అన్నా?" అని అడిగాడు. లేవని చెప్పాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 2013లో గూగుల్ రీడర్, 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్, ఒక్కొక్కటే మూసేశారు. 2023లో ట్విట్టర్, రెడ్డిట్ బయటి డెవలపర్లు వాడుకునే దారికి డబ్బు కట్టమన్నాయి, దాని మీద బతికే చిన్న చిన్న యాప్‌లు చాలా మూతపడ్డాయి. అందుకే నేను లాగిన్ కన్నా ముందు 'నా రాతలన్నీ ఇవ్వు' అనే బటన్ కట్టాను. నొక్కితే రాసినవి, ఫొటోలు, తేదీలు అన్నీ ఒక జిప్ ఫైలులో వస్తాయి, మామూలు పేజీల్లాగే ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటాయి.

మాస్టడాన్ గురించి నువ్వు చెప్పింది తప్పని అనను. దాని వెనకున్న ఆలోచన నాకెంతో ఇష్టం. యాక్టివిటీపబ్ అనే పద్ధతి, వేరువేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ఒప్పుకుంది. పోస్టాఫీసులానే ఉంటుంది. ప్రతి మనిషికీ లోపలికి వచ్చేవాటికి ఒక పెట్టె, బయటికి వెళ్ళేవాటికి ఒక పెట్టె. పర్లాకిమిడి పోస్టాఫీసు వేరు, పాతపట్నం పోస్టాఫీసు వేరు, అయినా ఉత్తరం చేరుతుంది. మెటా వాళ్ళ థ్రెడ్స్ కూడా 2024 నుంచి కొంతవరకు ఈ దారికొచ్చింది. బ్లూస్కై వాళ్ళది వేరే పద్ధతి, వాళ్ళూ రాతలు మనిషివే కావాలన్న ఆశతోనే బయల్దేరారు. ఇవన్నీ చూస్తుంటే మంచి రోజులు వస్తున్నాయనే అనిపిస్తోంది.

కానీ మాస్టడాన్ మొత్తం నడపాలంటే రూబీ ఆన్ రైల్స్, పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్, ఇన్ని సాఫ్ట్‌వేర్లు కావాలి. బయటి సర్వర్ల నుంచి వచ్చే ఫొటోల కాపీలతో డిస్కు నిండిపోతుంది. పైగా అందులో మనిషి ఒక సర్వర్ వదిలి ఇంకో సర్వర్‌కి మారితే అనుచరులు వెంట వస్తారు గానీ పాత రాతలు రావు. నాకు కావాల్సిందే ఆ పాత రాతలు. ఇంకో మాట, తలుపులు బార్లా తెరిస్తే బయటి బూతులూ లోపలికొస్తాయి, వాటిని ఏరే పని మనదే. పగలు ఉద్యోగం, రాత్రి ఇది, మనిద్దరం ఎంతని చూడగలం? అందుకని మొదటి ఏడాది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ఒక్కటే పెడదాం, సైట్‌లో కొత్త రాత వస్తే చదివేవాళ్ళ దగ్గరికి చేర్చే పద్ధతి. పాతదే, కానీ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. ప్రతి రాతకీ ఎప్పటికీ మారని అడ్రసు ఇద్దాం. ఆ రెండూ సరిగ్గా ఉంటే రెండో ఏడు యాక్టివిటీపబ్ తగిలించడం కష్టమేమీ కాదు. చిన్నపిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా వద్దు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళ విషయంలో ఆ మాటే అంటోంది, అనకపోయినా మనం చెయ్యాల్సిందే.

ఇంకొక్క ఆశ ఉంది నాకు. గొంతులు. పెద్దమ్మలాంటి వాళ్ళకి టైపు చెయ్యడం కన్నా చెప్పడం సుఖం. శబ్దాన్ని చిన్న ఫైలుగా కుదించే ఓపస్ పద్ధతిలో సెకనుకి 16 కిలోబిట్ల దగ్గర రికార్డు చేస్తే ఒక నిమిషం మాట సుమారు 120 కేబీ. మంచి ఫొటో ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మొన్న పెద్దమ్మ చేత పనసకాయ కూర చెప్పించి రికార్డు చేశాను. 'ఒగ్గీ', 'ఎల్లిపోనాది', 'ఏటవుతాది' అంటూ సాగింది. ఆ రెండు నిమిషాలూ మళ్ళీ మళ్ళీ విన్నాను. గిడుగు రామమూర్తి గారు ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పారు, ఇక్కణ్ణుంచే సవరల ఊళ్ళకి వెళ్ళి వాళ్ళ మాట నేర్చుకుని రాసిపెట్టారు. జనం మాట్లాడే తెలుగునే రాయాలని జీవితమంతా పోరాడారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన నడిచిన వీధిలో కూర్చుని ఈ పని చేస్తున్నానన్న ఆలోచన వస్తే నిద్ర కూడా రాదు బావా.

దసరాకి వచ్చెయ్. పలాసలో దిగి బస్సెక్కు, నేను స్టాండుకొస్తాను. వచ్చేటప్పుడు మీ ఇంట్లో మూలపడేసిన పాత ఫోను, తెర పగిలినా సరే, పట్టుకురా. మన పేజీ ముందు దాంట్లో తెరవాలి. ఆ ఎకారం, ఒకారం పట్టికలో నాకు పద్నాలుగు మాటల దగ్గర అనుమానం ఉంది, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, మీ అమ్మగారి చేత చదివించి ఏది ఎలా పలుకుతారో పక్కన రాసిపెట్టు. పెద్దమ్మకి నువ్వొస్తున్నావని అప్పుడే చెప్పేశాను.

నీ
బావ