సోమవారం నుంచి మా కొట్టు వేళలు మారుతున్నాయి

చెన్నై పెరంబూరులో మా పిండివంటల కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి రాత్రి ఎనిమిదిన్నరకే అమ్మకం ఆపేస్తాం. ఆ వేళకు లోపల ఉన్నవారందరికీ ఇచ్చే పంపుతాం, తర్వాత వచ్చినవారికి మాత్రం ఇవ్వలేం. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వంటింట్లో పొయ్యి వెలగదు. కాజా, జంతికలు, సున్నుండలు, అరిసెల ధర కిలోకు 20 రూపాయలు పెరుగుతుంది. పొడులు, పచ్చళ్లు పాత ధరకే. బోర్డు మీద ఇంతవరకు రాసి ఊరుకోవచ్చు. కానీ పదకొండేళ్లుగా మా చేతి తిండి తింటున్నవారికి కారణం కూడా తెలియాలి. అందులో నా తప్పు ఉంది, ముందు అది చెబుతాను.

మా వంటింట్లో నలుగురు ఆడవాళ్లు, ముందు కొట్టులో ఇద్దరు పనిచేస్తారు. వంటింటి వాళ్లకు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా పని అని చేరేటప్పుడే మాట్లాడుకున్నాం. అయితే ఐదు గంటల దాకా మూకుడు పొయ్యి దిగేదే కాదు. కడుగుడు పని మొదలయ్యేది ఆ తర్వాతే.

జంతికల గొట్టం కడగడం ఎప్పుడైనా చూశారా? అడుగు బిళ్ల చిల్లుల్లో పిండి బిగుసుకుపోతుంది. నానబెట్టి, చీపురుపుల్లతో ఒక్కొక్క చిల్లూ పొడిచి తీయాలి. ఒక్క చిల్లులో పాత పిండి మిగిలినా మర్నాటి మొదటి వాయి పులిసిన వాసన వేస్తుంది. పాకం గిన్నెలో మరిగే నీళ్లు పోసి కాసేపు వదిలేస్తే గానీ బెల్లం ఊడదు. నూనె చల్లారాక వడగట్టాలి, మూకుడు అడుగున మాడిన మడ్డి గీకాలి. గచ్చు మీది జిడ్డు సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వకపోతే పొద్దున మొదట లోపలికి వచ్చిన మనిషి కాలు జారుతుంది. ఇవన్నీ అయ్యాక తమ చేతులు. గోళ్ల సందుల్లో శనగపిండి, మోచేతుల దాకా నూనె. నలుగురూ కలిసి చేసినా ముప్పావుగంట పట్టేది.

ఆ ముప్పావుగంటకు నేను ఎన్నడూ జీతం కట్టలేదు. వంట చేసినవాళ్లు గిన్నెలు తోముకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే కదా అనుకున్నాను. వాళ్లు అడగలేదు కాబట్టి ఇష్టపడే చేస్తున్నారనుకున్నాను. మొన్న సంక్రాంతి వరకు అలాగే నడిచింది.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అరిసెల పాకం దించుతుండగా మా అందరిలో పెద్దదైన అక్క చేయి వణికింది. పాకం ఆమె పాదం మీద ఒలికింది. అప్పుడు సాయంత్రం నాలుగు గంటలు. పొద్దున ఎనిమిది నుంచి ఆమె కూర్చోలేదు. మధ్యాహ్నం పావుగంటలో, గోడకు ఆనుకుని నిలబడే పెరుగన్నం తిన్నది. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయని తొందరపెట్టింది నేనే. ఆసుపత్రి ఖర్చు పెట్టాను, ఇంట్లో ఉన్న పన్నెండు రోజులకూ జీతం ఇచ్చాను. చూడటానికి ఆవడిలో వాళ్లింటికి వెళ్తే కాలి గురించి ఒక్క మాట అనలేదు. “ఐదుకే వదిలిపెట్టమ్మా, రైల్లో కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఆరైతే ఆవడి దాకా నిలబడే రావాలి” అని మాత్రం అడిగింది. ఎన్నేళ్లుగా మనసులో పెట్టుకుందో ఆ మాట.

ఆ రాత్రి లెక్క వేశాను. రోజుకు 45 నిమిషాలు, నెలకు 26 రోజులు. మనిషికి పంతొమ్మిదిన్నర గంటలు. ఎనిమిది గంటల పని రోజులు రెండు నిండి, మూడోదానిలో సగం దగ్గరకు వస్తుంది. ప్రతి నెలా అంత పని ఊరికే చేయించుకున్నాను.

మా తమ్ముడి కూతురు లా చదువుతోంది. తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం నా ముందు పెట్టి చదివించింది. 1947 నాటి చట్టం అది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. వరసగా నాలుగు గంటలు చేస్తే ఒక గంట విశ్రాంతి ఇచ్చాకే మళ్లీ పని చెప్పాలి. విశ్రాంతితో కలుపుకుని కూడా మొత్తం 12 గంటలు దాటకూడదు. కొట్టు మూసే వేళకు లోపల ఉన్న కొనుగోలుదారుకు ఇంకో పావుగంట అమ్మవచ్చని కూడా అందులోనే ఉంది. ఎనిమిదిన్నర తర్వాత కొట్టులో ఉన్నవారికి ఇచ్చే పావుగంట అక్కడ నేర్చుకున్నదే.

కడుక్కునే వేళ గురించి ఇంకో సంగతి కూడా చెప్పింది. అమెరికాలో బ్యాటరీల ఫ్యాక్టరీ కార్మికులు పని ముగిశాక స్నానం చేసి బట్టలు మార్చుకునే సమయం కూడా పనిలో భాగమేనని అక్కడి సుప్రీంకోర్టు 1956లో తీర్పు ఇచ్చింది. సీసం, ఆమ్లం ఒంటికి అంటుకునే పని వాళ్లది. అక్కడ చాలా యూనియన్లు యాజమాన్యంతో చేసుకునే ఒప్పందాల్లో చేతులు కడుక్కోవడానికి, పనిముట్లు సర్దుకోవడానికి ఇన్ని నిమిషాలు అని విడిగా రాసుకుంటాయట. మా శనగపిండి సీసం కాదు, నిజమే. కానీ గొట్టం కడగనిదే మర్నాడు జంతిక లేదు. మరి కడగడం నా కొట్టు పని కాక ఎవరి పని?

అంత దూరం పోనవసరం కూడా లేదు. ప్రతి శుక్రవారం కారప్పూస కోసం వచ్చే ఒక పెద్దాయన ఒకప్పుడు ఇక్కడి బిన్నీ బట్టల మిల్లులో పనిచేశారు. నా కథ విని, ఈ గొడవ పుట్టిందే ఈ పెరంబూరులో కదమ్మా అన్నారు. ఆ మిల్లుల కార్మికులకు మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే అరగంట చాలేది కాదు. ఈ పేటలో వ్యాపారం చేసుకునే సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు వాళ్ల అవస్థ చూసి, అనీబిసెంట్ సహచరుడైన బి.పి. వాడియా దగ్గరకు వెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా దానికి పేరు. కార్మికుల అన్నం వేళ గురించి కదిలినవాళ్లు నాలాంటి వ్యాపారులేనని విన్నప్పుడు సిగ్గుపడ్డాను. నూరేళ్ల తర్వాత అదే పేటలో నేను పావుగంటలో అన్నం తినిపిస్తున్నాను.

ఇప్పుడు ఆరుగురితోనూ తెలుగులో, తమిళంలో ఒక కాగితం రాసుకున్నాం. వంటింట్లో పన్నెండుకు పొయ్యిలు ఆర్పి ఒంటిగంటకు వెలిగిస్తారు. నాలుగుంపావుకు మళ్లీ ఆర్పేస్తారు. కడుగుడు, చేతులు శుభ్రం చేసుకోవడం ఐదులోపే అయిపోవాలి, ఆ సమయానికీ జీతం ఉంటుంది. కొట్టులో సాయంత్రం వేళ ఉండే అమ్మాయి పన్నెండుకు వచ్చి తొమ్మిదికి వెళ్తుంది. నాలుగు నుంచి ఐదు దాకా ఆమెకు విశ్రాంతి, ఆ గంట గల్లా దగ్గర నేను ఉంటాను. ఎనిమిదిన్నర నుంచి అద్దాలు, తక్కెడ తుడిచి, డబ్బాలకు మూతలు పెట్టి ఆమె కూడా వేళకు ఇల్లు చేరాలి. పండగల్లో ఎక్కువసేపు ఉండాల్సి వస్తే ఎంతసేపన్నది ముందే అడుగుతాను, ఆ గంటలకు రెట్టింపు ఇస్తాను. గడిచిన ఏడాది బాకీని మూడు విడతల్లో తీరుస్తున్నాను. చీటీ పాడి మొదటి విడత ఉగాదికి ఇచ్చాను. మిగతావి వినాయక చవితికి, దీపావళికి.

మీరు పెట్టే 20 రూపాయలు ఎక్కడికి పోతాయో కూడా చెప్పాలి. పొయ్యి ముందే ఆర్పితే కాజా రోజుకు రెండు వాయిలు తగ్గుతాయి, జీతాలు మాత్రం అవే. ఆ తేడాలో సగం నేను భరిస్తాను. మిగతా సగం మిమ్మల్ని అడుగుతున్నాను. నూనె మార్చి, నెయ్యి తగ్గించి ధర నిలబెట్టడం నా వల్ల కాదు.

కిందటి నెల ఒకావిడ, తాము నిలబడి అడుగుతుంటే మా అమ్మాయి స్టూలు మీద కూర్చుని జవాబు చెబుతోందని బాధపడ్డారు. అమ్మా, ఆ స్టూలు నేను వేయించిందే. కొట్టుల్లో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 2021లో తమిళనాడు చట్టం సవరించారు. తూకం వేసేటప్పుడు లేస్తుంది, ఎవరూ లేనప్పుడు కూర్చుంటుంది. ఆమెను ఏమీ అనకండి, కోపం వస్తే నన్ను అడగండి. పెద్దవాళ్లు వచ్చినప్పుడు కూర్చోవడానికి ఇంకో రెండు స్టూళ్లు ఇటువైపు కూడా వేయిస్తున్నాను.

వేడివేడి కాజా కావాలనుకునేవారు సాయంత్రం నాలుగులోపు రండి. ఐదు కిలోలు దాటిన ఆర్డర్లు రెండు రోజుల ముందు చెప్పండి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఫోను మోగినా ఎత్తం. నిన్న ఆ వేళకు లోపలికి వెళ్లి చూస్తే, ఆవడి అక్క చాప మీద కాళ్లు చాపుకుని నిద్రపోతోంది.