పున్నమి సాయంత్రాలు రెండు గంటలు చెరువు కట్టను సైకిళ్లకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ నుంచి ఆదివారం పొద్దున్నే పానగల్ వైపు సైకిళ్ల మీద బయలుదేరే వాళ్లలో నేనూ ఒకదాన్ని. మాది పందెం కాదు. అందరికంటే మెల్లగా తొక్కేవారు ముందుంటారు, మిగతావారంతా వాళ్ల వెనకే సాగాలి. ఈ ఒక్క కట్టుబాటు వల్లనే అరవై దాటిన పెద్దలు, చీరకట్టులో తొక్కే ఆడవాళ్లు, హైస్కూలు పిల్లలు ఒక్క గుంపుగా తిరగగలుగుతున్నాం.

పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరమే. కార్లలో వచ్చేవారు గర్భగుడిలో నీడ చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. తీరికగా వెళ్తాం కాబట్టి మేము మండపంలో కూర్చుంటాం. పొద్దెక్కేకొద్దీ బయటి నీడలు జరుగుతుంటే లోపలి నీడ మాత్రం ఉన్నచోటే ఉండటాన్ని పిల్లలు తమ కళ్లతో చూస్తారు. వెలుతురు పలు వైపుల నుంచి చెదిరి లోపలికి చేరేలా స్తంభాలను నిలిపిన కుందూరు చోడుల కాలపు శిల్పుల నేర్పు అది. పాఠ్యపుస్తకంలో కాంతి పాఠం చదివిన పిల్లలు అక్కడ అడిగే ప్రశ్నలు వినాలి!

పగటి షికారుకు పెద్దగా ఇబ్బంది లేదు. ఈ లేఖ వెన్నెల రాత్రుల కోసం. పున్నమినాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు పైకి వస్తాడు. ఆపైన రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యం. కాబట్టి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి భోజనాల వేళకు ఇల్లు చేరాలంటే చతుర్దశి, పున్నమి, పాడ్యమి తప్ప వేరే రాత్రులు కుదరవు. పానగల్ చెరువైన ఉదయసముద్రం కట్ట మీద అలాంటి రాత్రి సైకిలు తొక్కిన వారికి ఆ హాయి గురించి చెప్పనక్కర్లేదు. ఒక పక్క నీళ్ల మీద తళుకు, మరో పక్క పొలాల మీదుగా వచ్చే చల్లగాలి, మాటలు కలుపుకొంటూ పోయే సైకిళ్లు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. అప్పుడే ఎదురుగా ఒక్క హెడ్‌లైటు సూటిగా కళ్లలో పడితే మళ్లీ మొదటికి వస్తాం. అసలు భయం మరొకటి. వెన్నెల్లో మాకు దారి కనిపిస్తుంది గానీ, వాహనం నడిపేవారికి మేము కనిపించం.

పైగా వెన్నెల బాగుండే కార్తీకమే మన జిల్లాలో వానాకాలం వడ్లు రోడ్డెక్కే కాలం. సగం రోడ్డు దాకా వడ్లు, అంచున రాళ్ల వరుస, రాత్రికి పైన నల్ల పట్టా. వడ్లు ఎత్తుకుపోయాక కూడా రాళ్లు అక్కడే ఉండిపోతాయి. కిందటి కార్తీకంలో మా వెంట వచ్చిన ఒక పెద్దావిడ అలాంటి రాయికే చక్రం తగిలి పడ్డారు, మణికట్టు విరిగింది. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఊరికి సరిపడా కల్లాలుంటే ఏ రైతూ తన పంటను లారీ చక్రాల పక్కన పోసుకోడు. కల్లాలు కట్టించండి. పంట ఎత్తాక మిగిలిన రాళ్లను తీయించే బాధ్యత పంచాయతీలకు అప్పగించండి.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. సంతోషమే. జిల్లా కేంద్రాల్లో మాకు అంత నిర్మాణం అక్కర్లేదు, ఉన్న కట్టను కాసేపు వదిలితే చాలు. సైకిళ్లు, పాదచారుల రాకపోకలపై రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేసుకునే అధికారాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఇచ్చింది. ఆ నియమాలు సైకిలును రోడ్డు మీద నుంచి తరిమేవిగా కాక, దానికి చోటు చూపేవిగా ఉండాలని కోరుతున్నాను.

నెలకు ఆ మూడు సాయంత్రాలు, ఏడు నుంచి తొమ్మిది దాకా, అంబులెన్సులు, పొలాలకు వెళ్లే రైతుల బండ్లు మినహా మిగతా వాహనాలను కట్ట మీదికి రానివ్వకుండా మున్సిపాలిటీ, నీటిపారుదల శాఖ, ట్రాఫిక్ పోలీసులు కలిసి ఏర్పాటు చేయాలి. పిల్లలమర్రి దారికి మహబూబ్‌నగర్‌లోనూ ఇదే పని చేయవచ్చు. ప్రతి సైకిలుకూ వెనక ఎర్ర దీపం, ముందు కిందికి వంచిన దీపం ఉండేలా చూసుకోవడం మా పూచీ. వాహనదారులకు వేరే దారి చూపడానికి కట్టకు రెండు చివర్లా నిలబడే మనుషులను కూడా మేమే ఇస్తాం. రాబోయే కార్తీక పున్నమికి అనుమతి ఇచ్చి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లగొండ