శ్రద్ధ లేదని రాసేముందు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతి లెక్కలు నీకే అప్పగించారని చదివి చాలా సంతోషపడ్డాను. కానీ చివర్లో రాశావు చూడు, "లేనివాళ్ల పిల్లలకు చదువు మీద శ్రద్ధ ఉండదు, ఎంత చెప్పినా దండగ" అని, ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే జవాబు ఇంత పొడుగైంది.

మొన్న మా క్లాసులో ఒకమ్మాయి హోంవర్క్ నోట్సు దిద్దుతున్నాను. మొదటి లెక్క ఒక్క మెట్టు కూడా వదలకుండా శుభ్రంగా చేసింది. రెండోది సగంలో ఆగింది. ఆ కిందంతా పెన్సిల్ గీతలు, వంకరటింకర సున్నాలు. ఇదేంటమ్మా అంటే, "తమ్ముడు గీశాడు సార్. అమ్మ పని నుంచి వచ్చేదాకా వాణ్ణి నేనే చూసుకోవాలి" అంది. అదే లెక్క బోర్డు మీద ఇస్తే చకచకా చేసేసింది. ఆ పిల్లకు లెక్క రాకపోవడం కాదురా, కుదురుగా కూర్చోవడానికి ఒక గంట దొరకడం లేదు. మనం ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని రాసేది చాలాసార్లు దీన్నే.

హైస్కూల్లో ఈ తేడా మరీ కనబడుతుంది. చిన్న తరగతుల్లో కాస్త అక్షరం ముక్క వచ్చిన తల్లయినా పక్కన కూర్చుని చెప్పగలదు. బీజగణితం వచ్చేసరికి ఆ సాయం అక్కడితో ఆగిపోతుంది. ఉన్నవాళ్లు ట్యూషన్ పెట్టిస్తారు, లేనివాళ్ల పిల్లలు తెల్లారి పక్కవాడి నోట్సు చూసి ఎక్కిస్తారు. పైగా ఈ వయసులో పిల్లలు నాలుగు డబ్బులు సంపాదించగలరు. ఇంట్లో ఇబ్బంది వచ్చిందంటే మొదట అందరి కళ్లూ పడేది వాళ్ల మీదే. ఫీజు లేని బడికి పంపినా, ఆ పిల్లవాడు తేగలిగిన కూలి వదులుకోవడం ఆ ఇంటికి ఖర్చే కదా.

దిగులు సంగతి వేరే చెప్పాలి. తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. చేతిలో డబ్బాడని కోతల ముందు రోజుల్లో ఆలోచనా పరీక్షల్లో వెనకబడిన ఆ రైతులే, పంట డబ్బు అందాక మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే. పెద్దవాళ్లకే అలా ఉంటే, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడి అరుస్తుంటే లోపల పుస్తకం పట్టుకున్న పిల్లాడి పరిస్థితేంటో నువ్వే ఆలోచించు.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సుమారు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు పరిశీలించి, బడి వసతుల కంటే ఇంటి నేపథ్యమే చదువులో తేడాలతో ఎక్కువ ముడిపడి ఉందని చెప్పింది. అది విని "అయితే బడి చేసేదేముంది" అని చేతులు దులుపుకున్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సెల్చుక్ సిరిన్ అనే పరిశోధకుడు 1990 నుంచి 2000 వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి, 2005లో ఫలితం ప్రకటించాడు. విడివిడిగా విద్యార్థులను తీసుకుంటే కుటుంబ స్థితికీ చదువుకీ సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిసి నడిస్తే 1) 0.3 దగ్గర తేలింది. లెక్కల మాస్టారివి, ఆ 0.3ని వర్గం చేసి చూడు, 0.09 వస్తుంది. అంటే మార్కుల తేడాల్లో ఇంటి స్థితితో ముడిపడింది పదో వంతు కూడా లేదు. కాబట్టి ఇల్లు చూసి పిల్లాడి జాతకం చెప్పబోతే మనం బోల్తా పడ్డట్టే. కాకపోతే బడుల సగటులు పోల్చి చూస్తే ఆ సంబంధం బాగా గట్టిపడుతుంది. పేద పిల్లలందరినీ ఒకే బడిలోకి నెట్టేయడం నాకు అందుకే భయం.

మీ హెడ్మాస్టర్‌తో మాట్లాడి బడి వదిలాక ఒక గంట గది తెరిచి ఉంచమని అడుగు. హోంవర్క్ అక్కడే చేసుకుంటారు, అర్థం కానిది నిన్నే అడుగుతారు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంట తెచ్చుకున్నా కాదనొద్దు. ఆయన ఏమన్నాడో వెంటనే రాయి. కుదరదంటే ఇంకేం చేయవచ్చో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

నీ
నేస్తం