వావిలాల ప్రసంగాలను గ్రంథాలయాలకు చేర్చండి

ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ గారికి నమస్కారాలు.

సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో గెలిచారు. మద్రాసు, కర్నూలు, హైదరాబాదు: మూడు రాజధానుల్లోనూ మా ఊరి మాట వినిపించింది ఆయనే. ఒంటిమీద ఖద్దరు, భుజాన గుడ్డసంచి. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. (ఈ కాలపు ఎన్నికల అఫిడవిట్లో ఆయన ఏం రాసేవారో!)

నందికొండ దగ్గర ఆనకట్ట కోసం పోరాడినవారిలో ఆయన ఒకరు. ఆ సాగర్ నీళ్లే నేడు మా పొలాలకు వస్తున్నాయి. అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడై, ఆఫీసుల్లో ఫైళ్లు తెలుగులో నడవాలని పట్టుబట్టారు. ఎనభయ్యో పడిలోనూ మద్యనిషేధం కోసం ఊరూరా తిరిగారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది, సరే. మాకు కావలసింది ఆయన సభలో మాట్లాడిన మాటలు.

ఆ ప్రసంగాలను ఏరి, ఒక సంపుటంగా అచ్చువేయించి ప్రతి శాఖా గ్రంథాలయానికీ పంపించండి. కొత్త ఎమ్మెల్యేల శిక్షణ తరగతుల్లోనూ తలా ఒక ప్రతి ఇప్పించండి. చదువుతారో లేదో తర్వాత సంగతి. మీ జవాబు తెలుగులోనే వస్తుందని ఆశిస్తూ,

సత్తెనపల్లి ఓటరు