ఆ గోదావరి బొమ్మ పంపట్లేదు

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి బుజ్జికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నాన్నకి దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు.

నీ కొత్త ఫ్లాట్ హాల్లో సోఫా పైన గోడ బోసిగా ఉందనీ, పుష్కర ఘాట్ దగ్గర వేసిన పెద్ద గోదావరి బొమ్మ పంపమనీ అడిగావు కదా. అది పంపట్లేదు. దాని బదులు కడియం చామంతుల బొమ్మ పంపుతున్నాను. ఇదే ఫోన్లో చెప్తే "అదేంటమ్మా" అని నువ్వూ, "పిల్ల అడిగింది పంపొచ్చుగా" అని పక్కనుంచి మీ నాన్నా మొదలుపెడతారు, నా మాట సగంలో ఆగిపోతుంది. అందుకని కాగితం తీశాను. ఉత్తరంలో నన్నెవరూ ఆపలేరు.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ గోదావరి బొమ్మ ఘాట్ దగ్గర వేసింది కాదు. నువ్వు కార్తీకమాసంలో వచ్చినప్పుడు నీ ఫోన్లో తీసిన ఫోటో చూసి, మన డైనింగ్ టేబుల్ మీద, ట్యూబ్‌లైట్ కింద, రెండు రాత్రులు కూర్చుని వేశాను. వచ్చిన చుట్టాలందరూ అదే బాగుందన్నారు. నువ్వూ అన్నావు. ఇక అప్పుడు చెప్పడానికి మొహమాటమేసింది.

"ఫోటో తీసుకుని ఫ్యాన్ కింద కూర్చుని వేసుకోవచ్చుగా, ఈ వయసులో ఎండలో ఏంటి" అని నువ్వు ఇప్పటికి మూడుసార్లు అడిగావు. అందుకే ఒకసారి అలా వేసి చూద్దామనుకున్నాను.

ఆ రోజు మనం మెట్ల మీద అరగంటైనా కూర్చున్నాం. నువ్వు మొక్కజొన్న పొత్తు తింటున్నావు. కొవ్వూరు వైపు చెట్లు మంచులో నీలంగా, ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. ఫోటోలో అవి నల్లటి గీత. హేవలాక్ బ్రిడ్జి స్తంభాల నీడలు ఫోటోలో మసి పూసినట్టున్నాయి. కంటితో చూస్తే ఆ నీడలోనూ వెలుగుంటుంది బుజ్జీ, నీళ్ళ మీద నుంచి పైకి కొట్టి రాతి అడుగున కదులుతూ ఉంటుంది. పైగా ఫోన్ లెన్స్ దగ్గరివాటిని పెంచేసి దూరం వాటిని ఇంకా దూరానికి నెట్టేస్తుంది. అవతలి ఒడ్డు సన్నటి దారమైపోతుంది. నేను ఫోటోలో ఉన్నది ఉన్నట్టు, తప్పులేకుండా వేశాను. ఇప్పుడు ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు గోదావరి గుర్తు రాదు, డైనింగ్ టేబులూ, పక్కనున్న పులుసు గిన్నె మూతా గుర్తొస్తాయి.

డ్రాయింగ్ లోయరూ హయ్యరూ పాసై, ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో పిల్లల చేత ఒకటే సీనరీ వేయించాను. నువ్వూ వేశావు. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల్లోంచి జారుకుంటూ వచ్చే ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. నూటికి ఎనభై వేసి పంపేదాన్ని. రిటైరయ్యాక మొదటిసారి కోటిలింగాల ఘాట్ దగ్గర అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నా చెయ్యి దానంతటదే రెండు కొండలు గీసింది. అక్కడ కొండలెక్కడివి? ఎదురుగా ఉన్నది వరద గోదావరి, ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ. నీళ్ళంటే నీలం అన్న అలవాటు చెయ్యి మీద నుంచి పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. జూలై, ఆగస్టుల్లో ఆ నీటికి ఎల్లో ఓకరనే మట్టిపసుపూ, బర్న్ట్ సియెన్నా అనే ఇటుకరంగూ కలపాలి. అదే నీరు కార్తీకానికి తేరుకుని ఆకుపచ్చకి తిరుగుతుంది.

బయట కూర్చుంటే జనం మాట్లాడకుండా ఉండరు. ఒకసారి సీతానగరం రోడ్డు పక్కన పొలాలు వేస్తుంటే, ఒకాయన సైకిల్ దిగి చాలాసేపు చూసి, "సర్వే అండీ?" అన్నాడు. కాదండీ, బొమ్మ వేసుకుంటున్నానంటే నమ్మలేదు. పావుగంటలో నలుగురొచ్చారు. ఏ కాలవ వస్తుంది, ఎవరి చేను పోతుంది, ఎకరానికి ఎంతిస్తారు అని. చివరికి బొమ్మ చూపిస్తే ఒక ముసలాయన ఊపిరి పీల్చుకుని, "తాటిచెట్లు మూడుండాలమ్మా, రెండే ఏశావు" అన్నాడు. మూడోది వేసే దాకా కదల్లేదు.

పువ్వుల సంగతి వేరు. పొలం నీ కోసం ఆగుతుంది, పువ్వు ఆగదు. అమ్మమ్మగారి ఊరి చెరువులో తామరలు వేద్దామని పొద్దున ఏడింటికల్లా గట్టు మీద కూర్చున్నాను. రేకు రేకూ పెన్సిల్‌తో శ్రద్ధగా గీశాను, గంట పట్టింది. రంగు కలుపుకుని తలెత్తితే ఎండెక్కి పువ్వు ముడుచుకోవడం మొదలుపెట్టింది. రేపొద్దామనుకున్నాను. రెండో రోజు అదే పువ్వు, రంగు వెలిసింది. తామరపువ్వు మూడు నాలుగు రోజులకి మించి ఉండదు, ఆ మాత్రం దానిలోనూ రోజుకో రంగు. ఇప్పుడు పెన్సిల్‌కి ఐదు నిమిషాలిస్తాను, అంతే. ముందు నీడలు ఎక్కడున్నాయో వేసేస్తాను. ఆ తర్వాత సూర్యుడు ఎటెళ్ళినా నాకనవసరం. గంటకి 15 డిగ్రీలు జరిగే ఆయన వెంట బ్రష్షు పట్టుకుని పరిగెత్తితే బొమ్మలో నాలుగు దిక్కులా నీడలు పడతాయి. ఫ్రాన్సులో మోనే అనే ఆయన 1890లో గడ్డిమేట్లు వేస్తూ దీనికో ఉపాయం వాడాడు. ఎన్నో కాన్వాసులు పక్కన పెట్టుకుని, వెలుగు మారగానే ఒకటి దించి ఇంకోటి ఎక్కించేవాడు. మోసే మనిషి ఉండాలిలే దానికి. నాకున్నది మీ నాన్న.

ఆయన మోసింది ఒక్క గొడుగు, అదీ ఎర్రది! కాగితం మీద నేరుగా ఎండ పడితే కళ్ళు బైర్లు కమ్మి, రంగు అవసరానికి మించి చిక్కగా వేసేస్తాం. ఇంటికి తెచ్చి చూస్తే అంతా బొగ్గు. అందుకని నీడ కావాలి, గొడుగు తెమ్మన్నాను. ఎర్ర గొడుగు కింద కాగితం మొత్తం గులాబీ రంగులో మెరిసిపోయింది, ఏ రంగు ఏదో తెలియలేదు. "గొడుగు గొడుగే కదా" అని మీ నాన్న టీకొట్టుకి వెళ్ళి కూర్చున్నారు.

తెల్ల పువ్వు గురించి ఒక్క మాట. నందివర్ధనం తెల్లరంగుతో వేస్తే సున్నం కొట్టినట్టుంటుంది. కాగితాన్ని అలా వదిలేసి, చుట్టూ ఉన్న ఆకుల్ని వెయ్యాలి. పువ్వు మిగులుతుంది. అందులోనూ నీడలో ఉన్న రేకు తెల్లగా ఉండదు, పలచటి నీలం. ఇది నాకు మన పెరట్లో మొక్క ముందు కూర్చున్నాకే తెలిసింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మొక్క అక్కడే ఉంది, రోజూ పూజకి కోసుకొచ్చేదాన్ని.

అరకు కూడా చెప్పాలి. నవంబరులో వలిసెపూలు విరగబూస్తాయని మీ పిన్నితో కలిసి వెళ్ళాను. కొండ వాలంతా పసుపు. చేను యజమాని ఫోటోకి తలకి ఇంత అని డబ్బులు వసూలు చేస్తున్నాడు. నేను బొమ్మ వేసుకుంటానంటే రేటు ఎంత చెప్పాలో తెలియక, మీ పిన్ని దగ్గర మాత్రం తీసుకుని నన్ను వదిలేశాడు. ఆ మంచులో కాగితం ఆరదే! మే నెలలో రాజమండ్రిలో బ్రష్షు నీళ్ళలో ముంచి తిరిగొచ్చేలోపు రంగు ఎండిపోతుంది, అక్కడ గంటైనా తడే. ఆకాశం జారి చేలోకి పాకింది, అంచుల్లో కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మరకలు తేలాయి. అదైనా పరవాలేదు. పసుపు పువ్వుకి నీడ వెయ్యడం కోసం పసుపులో కాస్త నలుపు కలిపాను. ఆకుపచ్చ వచ్చింది, పాచి పట్టిన ఆకుపచ్చ. పసుపూ నలుపూ కలిస్తే అంతే. స్కూల్లో నీడ అంటే నలుపు కలపమని నేనే చెప్పేదాన్ని. ఎంతమంది చేత అరటిపళ్ళకి పాచి పట్టించానో తల్చుకుంటే సిగ్గేసింది. పసుపు నీడకి ఓకరు, దానిలో ఊదా రంగు చుక్క, ఉందా లేదా అన్నంత.

మన ఊళ్ళో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి నిన్ను చిన్నప్పుడు తీసుకెళ్ళాను, నీకు ఐస్‌క్రీమ్ ఒక్కటే గుర్తుంది. ఈ మధ్య మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర రామారావు చేతిలో పని చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడట. చదువయ్యాక ఆయన తిరిగొచ్చి ఇక్కడే బొమ్మలు వేశాడు, నేర్పాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు. 28 ఏళ్ళు నిండలేదు. టీచర్‌గా వెళ్ళినప్పుడు ఆ మనుషుల బొమ్మల్లో గీత చూసి నోరెళ్ళబెట్టేదాన్ని. ఇప్పుడు వెళ్తే నీటిరంగుల దగ్గర నిలబడి, ఇక్కడ కాగితం ఆరకముందే రెండోసారి బ్రష్షు పెట్టాడు, ఇక్కడ ఆగాడు అని వెతుక్కుంటున్నాను. నీ వయసు కంటే చిన్నవాడు, ఆగడం ఎక్కడ నేర్చుకున్నాడో.

ఇక కడియం. డిసెంబరులో ఒక ఉదయం, కడియపులంక నర్సరీలో యజమానిని అడిగి, చామంతుల మడి ముందు ముక్కాలిపీట వేసుకున్నాను. కవర్లలో మొక్కలు, వరసలు వరసలుగా, పసుపు. ముందు రెండు వరసలు వేశాను, మూడోది మొదలుపెట్టాను. లారీ వచ్చి నిలబడింది. ఆడవాళ్ళు గంపలు దించి, నేను వేస్తున్న వరసని ఆ చివర నుంచి ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. లోడు చీకటి పడేలోపు కదలాలట. నా పరిస్థితి చూసి వాళ్ళలో ఒకావిడ ఆగింది.

"ఏంటండీ అమ్మగారూ, మా చామంతులు గీత్తన్నారేంటండీ?"

"గీస్తున్నానమ్మా. మీరు పట్టుకెళ్ళిపోతున్నారు."

ఆవిడ నవ్వి, "ఈ వరస ఆకర్ని ఎత్తుతామండి, మీరు కానియ్యండి" అంది. మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళు నా వరస వదిలేసి చుట్టూ ఖాళీ చేసుకొచ్చారు. కవర్లు లేచిన చోటల్లా నేల మీద గుండ్రటి తడి మచ్చలు, పక్కపక్కనే, దోసెల పెనం అచ్చుల్లా. అవి ఎండలో అంచుల నుంచి తెల్లబడుతూ లోపలికి ఆరిపోతున్నాయి. పువ్వులు పక్కన పెట్టేసి నేను ఆ మచ్చలు వేశాను. వాటిమధ్య వంగి గంప ఎత్తుకుంటున్న ఆవిణ్ణీ వేశాను, గులాబీ రంగు జాకెట్టు, తలకి చుట్టిన తువ్వాలు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. నా వరస కూడా ఎక్కించేశాక ఆవిడ వచ్చి తొంగిచూసింది.

"ఇది నేనేనాండి?" అని వేలు పెట్టింది. కాగితం ఇంకా తడిగా ఉంది, ఆవిడ చేతికి మట్టి ఉంది. "అయ్యో పాడైపోయిందండీ" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. పాడవలేదన్నాను. లారీ హారన్ కొడుతుంటే పరిగెత్తింది, పేరు అడగలేదు నేను.

ఆ బొమ్మే ఇది. పెద్దది కాదు, 11 అంగుళాలు 15 అంగుళాలు. నీ సోఫా పైన గోడకి చిన్నదైపోతుంది, వంటింటి పక్క గోడకి పెట్టుకో. రెండు అట్టల మధ్య పెట్టి టేపు వేశాను, కత్తెరతో పొడవకుండా పక్క నుంచి విప్పు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు చుట్టూ మౌంట్ అట్ట వేయించు, అద్దం బొమ్మకి తగలకూడదు, పూనా వానలకి బూజు పడుతుంది. బాల్కనీకి ఎదురుగా మాత్రం తగిలించకు. ఆ జాకెట్టుకి వాడిన అలిజరిన్ గులాబీ రంగు ఎండకి వెలిసిపోతుంది.

కింద కుడివైపు వేలిముద్ర ఉంటుంది, మట్టిరంగులో. ఫ్రేమ్ షాపువాడు మరక అనుకుని రబ్బరు పెట్టి తుడుస్తానంటాడు. వద్దని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: గోదావరి బొమ్మ బాబాయి వాళ్ళ గృహప్రవేశానికి ఇచ్చేస్తున్నాను. ఎక్కడ వేశానో వాళ్ళకి చెప్పకు. ఆవకాయ వేరే పార్శిల్లో వస్తుంది.