నాయన తలెత్తిన మాట

ఒంగోలు,
ఆదివారం రాత్రి

మామా,

మొన్న ఫోనులో నువ్వన్న మాట నాకింకా మింగుడుపడలేదు. "జనం గొర్రెల్రా, ఎవడు గట్టిగా అరిస్తే వాడి వెనక పోతారు" అన్నావు. అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఫోనులో తెమిలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

2024 ఎన్నికలప్పుడు నేను ఊళ్లోనే ఉన్నా. ఒకరోజు సాయంత్రం నాయన అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. మా కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు ఆయన కాళ్లను ఎట్లా చేసిందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంతలో ప్రచారం ఆటో వచ్చింది. పేర్లు, గుర్తు, పాట, ఒకటే మోత. నాయన కళ్లు కూడా తిప్పలేదు. ఆ మోత మధ్యలో "వెలిగొండ నీళ్లు" అని వినపడింది. అంతే, ఆయన చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. తలెత్తి, ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు. నూనె సీసాకు మూత పెట్టడం కూడా మరిచిపోయాడు.

వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. అప్పటికి ఆయన జుట్టు నల్లగా ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు కొండలో సొరంగం గుండా మన మెట్టకు వస్తాయనే మాట ఎన్ని ఎన్నికల్లో విన్నాడో! అయినా తలెత్తాడు. ఆయన్ని గొర్రె అంటే నేనెట్లా ఒప్పుకుంటాను మామా?

ఆ రోజు నుంచి నినాదాలు మనిషిని ఎట్లా కదిలిస్తాయో దొరికిందల్లా చదివాను. మెదడులో అమిగ్డలా అని ఒక చిన్న భాగం ఉంటుంది, బాదంగింజ ఆకారంలో. మన ప్రాణానికి సంబంధించిన మాటేదైనా చెవిన పడితే అది చప్పున మేలుకుంటుంది. నుదుటి వెనకుండే ఆలోచించే భాగం లెక్కలు వేసుకునేలోపే ఒంట్లో కదలిక రావచ్చంటారు. నాయన చెయ్యి ఆగింది అట్లాగేనేమో. ఆ మైకు ఆయన తలలో కొత్తగా పెట్టిందేమీ లేదు. దాహం ముందే ఉంది. దాన్ని పేరు పెట్టి పిలిచింది, అంతే.

1971లో ఇందిరా గాంధీ "గరీబీ హటావో" అన్నది రెండే మాటలు. ఆ రెండూ ఆకలి తెలిసిన ఇంటికి నేరుగా వెళ్లాయి. ఢిల్లీ వాళ్లు మన ముఖ్యమంత్రులను వెంటవెంటనే మారుస్తుంటే మనవాళ్లకు లోపల ఎంత మండిందో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ మంటకు ఎన్టీఆర్ "ఆత్మగౌరవం" అని పేరు పెట్టాడు. 1982 మార్చిలో పార్టీ, 1983 జనవరిలో అధికారం. మరి 2004లో "భారత్ వెలిగిపోతోంది" అని కేంద్రంలో ఉన్న బీజేపీ వాళ్లు దేశమంతా అంత ప్రచారం చేశారే, ఏమైంది? ఓడిపోయారు. మన దగ్గర ఆ రోజుల్లో వరస కరువు. వెలుగు కనపడని వాడికి వెలిగిపోతోందని చెబితే లోపల ఏదీ పలకదు. గట్టిగా అరిచినవాడి వెనకే జనం పోయేటట్లయితే ఆ ఎన్నిక ఇంకోలా ఉండేది కదా!

అట్లాగని మెదడుకు బలహీనతలు లేవని అనను. ఒకటి ప్రాస. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఒకసారి పైకి అను. తర్వాత "విశాఖ ఉక్కు ఆంధ్రులకు చెందాలి" అను. అర్థం అదే, కానీ రెండోది నోటికి పట్టదు. ప్రాస కుదిరిన మాట నిజంలా కూడా అనిపిస్తుందని 2000లో పరిశోధకులు పరీక్షించి చూపించారు. రెండోది, వినగా వినగా నమ్మకం కుదరడం. 1977లో అమెరికాలో విద్యార్థులకు కొన్ని వాక్యాలు రెండేసి వారాల తేడాతో మూడుసార్లు వినిపిస్తే, మళ్లీ మళ్లీ విన్నవి నిజమేనన్న నమ్మకం పెరుగుతూ పోయింది. అబద్ధాలకూ అంతే. నాకు దిగులు పుట్టించేది ఇదే మామా. రోజుకు పదిసార్లు ఆటో తిరిగేది ఊరికే కాదు.

ఇది చదువులేనివాళ్ల జబ్బు అనుకోకు. 2004 అమెరికా ఎన్నికల ముందు ఎమరీ విశ్వవిద్యాలయంలో 30 మంది గట్టి పార్టీ అభిమానుల మెదళ్లను స్కాన్ చేశారు. తమ నాయకుడు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి మాట్లాడాడని చూపిస్తే, వాళ్లలో ఉద్వేగాల భాగాలు చురుగ్గా పనిచేశాయి కానీ తర్కం చేసే భాగాల్లో పెద్దగా కదలిక రాలేదు. నీ ఆఫీసులో వాదించుకునేవాళ్లూ, ఇక్కడ నేనూ, అందరం ఆ లెక్కలోనే ఉంటాం.

కానీ మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను గుర్తుచేసుకో. 1992లో సారా వద్దని లేచారు. ఆ మాట వాళ్లకు ఏ పార్టీ ఆఫీసూ రాసివ్వలేదు. మొగుడి కూలి డబ్బులు సారా కొట్టులో పోతుంటే ఖాళీ కుండ ముందు కూర్చున్నవాళ్లు వాళ్లు. అక్షరాస్యత తరగతుల్లో నలుగురూ ఒకచోట చేరేసరికి అది నోట్లోంచి వచ్చింది. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధం తెస్తానని ఓట్లు అడిగాడు. ఇక్కడ నినాదం కింద నుంచి పైకి పోయింది. ఈ కథ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి. అన్నం తిన్నాక నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఫోనులో చూడరా, ఆ సొరంగం ఎంతవరకు వచ్చిందో" అన్నాడు. చదువుతూ పోయాను. మధ్యలో ఆపి, "పిల్లకాలవలు తవ్వారా? మునిగే ఊళ్లవాళ్లకు డబ్బులిచ్చారా? అవి కాకుండా సొరంగం ఒక్కటీ అయితే నీళ్లెట్లా వస్తాయి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోతే "రేపు కనుక్కో" అన్నాడు.

సంక్రాంతికి వస్తున్నావుగా. ముందు మా ఇంటికే రా. నీకు చేపల పులుసు పెట్టాలని అమ్మ ఇప్పటినుంచే అంటోంది. నాయన పక్కన ఒక గంట కూర్చో, వెలిగొండ ఊసెత్తు. ఆయన ఏమేం అడుగుతాడో నువ్వే విందువు.

నీ
అల్లుడు